జ్వరం తగ్గింది కానీ టెన్షన్ తగ్గలేదు

తమ్ముడికి డెంగీ. జ్వరం దిగగానే ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు గానీ, అసలు జాగ్రత్త అప్పుడే కావాలని, కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే వెంటనే తీసుకురమ్మని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. ఆస్ప్రిన్, ఐబుప్రొఫెన్ అసలు ఇవ్వొద్దన్నారు. దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి.

మన విశాఖ పోర్టు ఊరు కదా, డెంగీని అంటించే ఈ దోమ ఆఫ్రికా నుంచి ప్రపంచమంతా పాకింది కూడా ఓడల మీదే. దాని చుట్టం టైగర్ దోమైతే పాత టైర్ల వ్యాపారంతో అమెరికా దాకా వెళ్లింది, ఎందుకంటే గుడ్లు నీళ్లు లేకుండానే నెలల తరబడి బతుకుతాయి. 1947లో ఉగాండా అడవిలో ఒక కోతిలో దొరికిన జికా వైరస్‌నీ ఈ దోమే మోస్తుంది, అది 2015లో బ్రెజిల్‌లో కడుపులోని బిడ్డల మెదళ్లను దెబ్బతీసింది. 1952లో టాంజానియాలో బయటపడిన చికున్‌గున్యా కూడా ఈ దోమ అంటించేదే, అది 2006లో మన ఆంధ్రాలో ఎంతమందిని మంచాన పడేసిందో పెద్దవాళ్లను అడగండి, మా అమ్మమ్మ మోకాళ్లు ఆ తర్వాత చాలాకాలం సహకరించలేదు.

అందుకే డ్రమ్ముల్లో నీళ్లు పారబోస్తే చాలదు, గోడలకు అంటుకున్న గుడ్లు పోయేలా లోపల బాగా రుద్ది కడగాలి. మా వీధి చివర ఖాళీ సైటులో టైర్లు అలాగే ఉన్నాయి. ఆదివారం పొద్దున్నే తీయిస్తున్నాం, ఎంవీపీ కాలనీ వాళ్లు వీలైతే రండి.