సీసా అడుగున నీళ్లు

పొద్దున లేవగానే గాజు సీసా దగ్గరికి వెళ్లాను. నిన్న బోటు స్టెర్న్‌డ్రైవ్ (బోటు వెనక ఉండి ప్రొపెల్లర్‌ని తిప్పే గేర్ల భాగం) లోంచి తీసిన గేర్ ఆయిల్‌ని అందులో పట్టి పెట్టాను. తీసినప్పుడు పాలు కలిసినట్టు తెల్లగా ఉంది. తెల్లారేసరికి తేరుకుంటుందేమోనని రాత్రంతా చిన్న ఆశ. తేరుకోలేదు. పైన ఆయిల్ తెల్లగానే ఉంది, అడుగున వేలి మందాన నీళ్లు చేరాయి.

ఆ ఆశ ఊరికే పెట్టుకున్నది కాదు. నిన్న ఇంజన్ ఆపిన కాసేపటికే తొందరపడి ఆయిల్ తీసే అడుగు ప్లగ్ విప్పాను. అప్పటిదాకా గేర్లు చిలికిన ఆయిల్‌లో గాలి బుడగలు నిండి, నీళ్లు లేకపోయినా తెల్లగా కనిపిస్తుంది. బుడగలైతే కొన్ని గంటల్లో పైకి వచ్చి పోతాయి. నీళ్లు అలా పోవు. ఇంకోసారి చేసేటప్పుడు డ్రైవ్‌ని పూర్తిగా కిందికి దించి, రాత్రంతా కదలకుండా వదిలి, పొద్దున అడుగు ప్లగ్ కొంచెం వదులు చేసి మొదటి చుక్కలు చూడాలి. నీళ్లు ఆయిల్ కన్నా బరువు కాబట్టి ఉంటే ముందు అవే బయటికి వస్తాయి.

ప్లగ్ చివరనున్న అయస్కాంతాన్ని మళ్లీ ఒకసారి చూశాను. బూడిద రంగు మెత్తటి పేస్టు అంటుకుని ఉంది. వేళ్ల మధ్య నలిపితే గరుకు తగల్లేదు. ఆ మాత్రం అరుగుదల మామూలే. పంటి ముక్కో, రేకు తునకో కనిపించి ఉంటే ఇవాళ్టి పని వేరేగా ఉండేది. గేర్లకూ బేరింగులకూ ఇంకా దెబ్బ తగల్లేదని కొంచెం ఊపిరి పీల్చుకున్నాను.

తొమ్మిదింటికి అన్నయ్య వచ్చాడు. సీసా చూసి, "సీల్స్ అన్నీ మార్చేద్దాం రా, గొడవ వదిలిపోతుంది" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. సీల్స్ అంటే షాఫ్టుల చుట్టూ ఉండి, నీళ్లు లోపలికి రాకుండా, ఆయిల్ బయటికి పోకుండా ఆపే రబ్బరు రింగులు. నీళ్లు రావడానికి దారులు చాలా ఉన్నాయి. ప్లగ్గుల కింద వాషర్లు, ప్రొపెల్లర్ షాఫ్ట్ సీల్స్, గేర్ మార్చే షాఫ్ట్ సీల్, వాటర్ పంప్ కింద డ్రైవ్ షాఫ్ట్ సీల్, పై భాగమూ కింది భాగమూ కలిసే చోట ఓ-రింగులు. ఏది కారుతోందో తెలియకుండా అన్నీ మార్చాక, అసలు లోపం షాఫ్ట్ మీద పడిన గాడి అయితే? కొత్త సీల్ కూడా కారుతుంది. పైగా ఏం తప్పు జరిగిందో మనకు ఎప్పటికీ తెలియదు. "ముందు ఎక్కడో చూద్దాం అన్నయ్యా, మార్చడం ఎంతసేపు" అన్నాను.

అడుగు ప్లగ్ వాషర్ నలిగి, ఒక పక్క నొక్కుపడి ఉంది. పోయినసారి సర్వీస్ చేసినవాళ్లు పాతదే మళ్లీ వేసినట్టున్నారు. బాధేసింది. ఆయిల్ మార్చిన ప్రతిసారీ మార్చాల్సిన చిన్న వస్తువు అది. రెండు ప్లగ్గులకూ కొత్త వాషర్లు తీశాను. అడుగున ప్లగ్ బిగించి, పైన వెంట్ ప్లగ్ (గాలి పోయే రంధ్రం మూత) తీసిన చోట ఒత్తిడి చూపే గేజ్ ఎక్కించాను. లోపల ఆయిల్ లేదు, ఖాళీ డ్రైవే.

చేతి పంపుతో ముందు 5 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా గాలి ఎక్కించాం. ముల్లు మెల్లగా దిగడం మొదలైంది. గుండె దడ. సబ్బునీళ్లు పూస్తే బుడగలు వచ్చింది గేజ్ గొట్టం మూతి దగ్గరే! అది బిగించాక ఇంక కదల్లేదు. ఏ టెస్ట్ చేసినా ముందు మన పరికరాన్నే అనుమానించాలి. తర్వాత 15 పీఎస్ఐకి తీసుకెళ్లి ఆపేశాం. ఇంకా ఎక్కువ ఎక్కిస్తే బాగున్న సీల్ కూడా పాడవుతుంది. పావుగంట చూశాం. షాఫ్ట్ తిప్పాం, గేరు ముందుకూ వెనక్కూ వేశాం. ముల్లు అక్కడే నిలబడింది.

"ఇంకేం, వాషరే" అన్నాడు అన్నయ్య. నాకూ అలాగే అనుకోవాలని ఉంది. కానీ లోపలి నుంచి గాలి నెట్టి చూశామే తప్ప, నీళ్లు వచ్చేది బయటి నుంచి. ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద రెండు సీల్స్ ఒకదానికొకటి వీపు ఆనించి ఉంటాయి. లోపలిదాని పెదవి, అంటే షాఫ్ట్‌కి ఆనే పల్చటి అంచు, ఆయిల్ వైపు ఉంటుంది, అది ఆయిల్‌ని ఆపుతుంది. బయటిదాని పెదవి నీళ్ల వైపు. లోపల ఒత్తిడి పెంచితే లోపలి సీల్ షాఫ్ట్‌ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, బయటిది చిరిగిపోయి ఉన్నా తెలియదు. నడిచినంతసేపూ వేడెక్కిన డ్రైవ్, ఇంజన్ ఆపాక నీళ్లలో చల్లబడుతుంది. అప్పుడు లోపలి గాలి కుంచించుకుని బయటి నీళ్లను పీలుస్తుంది. అంటే బోటు హాయిగా కట్టేసి ఉన్నప్పుడే నీళ్లు దూరుతుండవచ్చు.

అందుకే లోపలి గాలిని బయటికి లాగే వాక్యూమ్ పంప్ తగిలించాం. గేజ్ మీద 15 అంగుళాల (పాదరసం అంగుళాల్లో వాక్యూమ్ కొలత) దాకా లాగాం. ఒక నిమిషం బాగానే నిలబడింది. షాఫ్ట్ మెల్లగా చేత్తో తిప్పాను. ముల్లు 14కి, మరో చుట్టుకి 12కి వచ్చింది. తిప్పడం ఆపితే అదీ ఆగింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

వాక్యూమ్‌లో సబ్బునీళ్లు బుడగలు చూపించవు, లోపలికి పోతాయి. కాబట్టి ప్రొపెల్లర్ ఊడదీసి, సీల్ చుట్టూ కొత్త గేర్ ఆయిల్ చిక్కగా పూసి మళ్లీ వాక్యూమ్ లాగాం. అన్నయ్య తిప్పుతుంటే నేను టార్చ్ పట్టుకుని వంగి చూశాను. షాఫ్ట్ కింది వైపు ఒకే ఒక్క చోట ఆయిల్ చిన్న సుడిలా గుంట పడి లోపలికి జారింది. ఆ కాసేపూ ముల్లు దిగడం ఆగింది. ఆయిల్ అంతా లోపలికి పోగానే మళ్లీ దిగింది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి.

గుడ్డతో తుడిచి దగ్గరగా చూస్తే సీల్ అంచున సన్నగా ఏదో మెరిసింది. పట్టుకారుతో లాగితే గేలం వేసే నైలాన్ దారం. షాఫ్ట్ వేడికి కరిగి, గట్టి ఉంగరంలా చుట్టుకుపోయి ఉంది. లాగుతున్నకొద్దీ వస్తూనే ఉంది, జానెడు, మూరెడు. చివరి ముక్కతో పాటు సీల్ పెదవి నల్లటి తునక ఒకటి వచ్చింది. ఎప్పుడు చుట్టుకుందో నాకు తెలియను కూడా తెలియదు. ఆయిల్ మార్చినప్పుడల్లా ప్రొపెల్లర్ తీసి చూసి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు. ఈ సంగతి మాత్రం ఇవాళ చాలాసార్లు గుర్తొచ్చింది.

సీల్ పెదవి ఆనే చోట షాఫ్ట్ మీద గోరు పెట్టి అడ్డంగా గీశాను. ఎక్కడా తట్టుకోలేదు, గాడి పడలేదు. అన్నయ్య చేత కూడా చూపించాను, తనూ అదే అన్నాడు. రేపు బేరింగ్ క్యారియర్ (ప్రొపెల్లర్ షాఫ్ట్ బేరింగునీ సీల్స్‌నీ పట్టి ఉంచే భాగం) లాగి రెండు సీల్స్, ఓ-రింగ్ మార్చాలి. మళ్లీ రెండు టెస్టులూ చేసి, ఆ తర్వాతే అడుగు రంధ్రం నుంచి పైకి ఆయిల్ నింపుతాం.

సీసా, దారం చుట్ట రెండూ పనిబల్ల మీదే పక్కపక్కన పెట్టి వచ్చాను.