వాక్కు వెనుదిరిగే చోటు

"యతో వాచో నివర్తంతే, అప్రాప్య మనసా సహ." మనసును తోడు తీసుకుని వెళ్లినా పరబ్రహ్మం అందక మాట వెనుదిరుగుతుందని తైత్తిరీయోపనిషత్తు చెప్పింది. అలాంటప్పుడు సహస్రనామాలెందుకు, అష్టోత్తరాలెందుకు అని కొందరు అడుగుతుంటారు.

ఈ మాట ఆ ఉపనిషత్తులోని ఆనందవల్లి అనే అధ్యాయంలో రెండుసార్లు వస్తుంది. రెండోది తొమ్మిదో అనువాకంలో, అంటే తొమ్మిదో భాగంలో. దానికి ముందున్న ఎనిమిదో అనువాకాన్ని ఒకసారి నిదానంగా చదవండి. అక్కడ ఋషి ఆనందానికి లెక్క కడుతున్నాడు. మంచి నడవడి, చదువు, దేహబలం ఉన్న ఒక యువకుడు; సంపదతో నిండిన ఈ భూమంతా అతడిదే. అతడి ఆనందం ఒక పాలు. దానికి నూరు రెట్లు మనుష్యగంధర్వులది. దానికి నూరు రెట్లు దేవగంధర్వులది. అలా పితృదేవతలు, మూడు తరగతుల దేవతలు, ఇంద్రుడు, బృహస్పతి, ప్రజాపతి... పదో మెట్టు బ్రహ్మానందం. అంటే 1 పక్కన 20 సున్నలు! ఇంత లెక్క కట్టాకే మాట వెనుదిరిగింది.

శంకరులు "సత్యం జ్ఞానం అనంతం బ్రహ్మ" అన్న వాక్యానికి భాష్యం రాస్తూ, ఈ పదాలు బ్రహ్మాన్ని అసత్యం నుంచి, జడం నుంచి, పరిమితి నుంచి వేరు చేసి చూపిస్తాయి గానీ నేరుగా చెప్పలేవన్నారు. 12వ శతాబ్దపు యూదు తత్త్వవేత్త మైమోనిడీస్ కూడా దేవుడు ఏది కాదో చెప్పడమే సరైన దారి అన్నాడు. ఆ నిష్ఠకు నమస్కారం. నా మనసు మాత్రం రామానుజుల వైపే మొగ్గుతుంది. గుణాలు లేక కాదు, వాటికి అంతు లేకనే, 'ఇంత' అని కొలవబోయిన వాక్కు తిరిగొచ్చిందని ఆయన అర్థం చెప్పారు.

ఆయనకు ముందటి శ్రీవైష్ణవ ఆచార్యులు యామునాచార్యులు స్తోత్రరత్నంలో ఇంకా ముచ్చటగా చెప్పారు: స్వామీ, నీ ఒక్కొక్క గుణం హద్దు చూడాలని వేదవాక్కులు చతుర్ముఖ బ్రహ్మకు పైన ఇంకొకరిని, ఆ పైన మరొకరిని ఊహించుకుంటూ నూరేసి రెట్లు హెచ్చిస్తూనే ఉన్నాయి, ఇప్పటికీ మొదలుపెట్టిన చోటే ఉన్నాయి! వేదమే అలా పొగుడుతూ ఉంటే మనం నామం చెప్పడానికి వెనకాడాలా?

పైగా మొదట చెప్పుకున్న "యతో వాచో" వాక్యానికి రెండో సగం ఉంది: "ఆనందం బ్రహ్మణో విద్వాన్, న బిభేతి కుతశ్చన." ఆ ఆనందాన్ని ఎరిగినవాడికి దేనివల్లా భయం లేదు. ఎరగడం కుదురుతుందనే కదా దీని అర్థం? మనుష్యగంధర్వుల నుంచి ప్రతి మెట్టు దగ్గరా ఉపనిషత్తు ఒక మాట విడవకుండా చెబుతుంది, "శ్రోత్రియస్య చాకామహతస్య" అని. వేదం చదివి, కోరికల దెబ్బ తగలని మనిషికి కూడా అంతే ఆనందం.