బాబు ఖర్చు వేరు, ఇంటి అప్పు వేరు

విడాకులయ్యేసరికి మా బాబు రెండో తరగతి. వాణ్ని తీసుకుని ఆమదాలవలసలో నాన్నగారింటికి వచ్చేశాను. విశాఖలో ఫ్లాటు బాబు వాళ్ల నాన్న పేరునే రిజిస్టరైంది. లోను మాత్రం ఇద్దరి పేరునా ఉంది. అప్పట్లో నాకూ టీచరు జీతం వచ్చేది, రెండూ కలిపి చూపిస్తే ఎక్కువిస్తారని సంతకం పెట్టాను.

బాబుకి డబ్బు అడిగితే ఒకటే మాట: "ఈఎంఐ పోయాక నాకేం మిగుల్తుంది?" నిజమే కాబోలని ఏడాది నోరు మూసుకున్నాను. ఆ ఏడాది తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

"ఏటే గుంటా, ఇలగే కూకుంటావేటి?" అని అమ్మే శ్రీకాకుళం బస్సెక్కించింది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ప్లీడరుని ఉచితంగా పెడతారు. పోషణ ఖర్చు ఇప్పించమని వేసేదాన్ని అందరూ 125 కేసు అంటారే, అదే వేశాం. 2024 జూలై నుంచి కొత్త చట్టంలో అది 144వ సెక్షను. మనం ఉండే ఊరి కోర్టులోనే వేసుకోవచ్చు.

2020లో సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచి ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పులు అఫిడవిట్లో రాయాలి. నాలుగు రాత్రులు కూర్చుని రాశాను. స్కూలు ఫీజు, ఆటో, వాడి ఆయాసం మందులు, అన్నిటికీ రసీదులు జతచేశాను. అతను జీతం 52,000, ఈఎంఐ 21,400, చీటీ 5,000 అని చూపించాడు. "ఆ కంతులతో పెరిగేది ఆయన ఆస్తేనండీ. పిల్లాడి తిండి తర్వాతే అవన్నీ" అన్నారు మా ప్లీడరుగారు. జడ్జిగారు జీతంలోంచి ఈఎంఐనీ చీటీనీ తీసివెయ్యనివ్వలేదు. నెలకి 10,000, అదీ పిటిషన్ వేసిన తేదీ నుంచి.

రెండు నెలలు వేశాడు. తర్వాత అదీ ఆపాడు, ఈఎంఐ కూడా ఆపాడు. బ్యాంకు ఫోను నాకొచ్చింది! ఆర్డరు కాపీ పట్టుకెళ్తే, "అది మీ ఇద్దరి మధ్య అమ్మా, మాకు ఇద్దరూ బాకీదారులే" అన్నారు. అతనొక్కడి పేరుకి లోను మార్చుకోవాలి, లేదా ఫ్లాటు అమ్మి తీర్చాలి. విడాకుల కాగితాల్లోనే ఈ సంగతి తేల్చుకోమని అక్కచెల్లెళ్లకి చెప్తున్నాను.

బాబు బాకీకి మళ్లీ పిటిషన్ వేశాం. బాకీ పడ్డ ఏడాదిలోపే వెయ్యాలి, లేకపోతే ఈ దారిలో వసూలు కాదు. కట్టకపోతే ఒక్కో నెల బాకీకి నెల వరకూ జైలు వెయ్యొచ్చు. నోటీసు అందిన వారానికి 60,000 పడ్డాయి. మిగతాది కొంచెం కొంచెం వస్తోంది.

లోనులో నా పేరు ఇంకా ఉంది. సోమవారం నా అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టు పట్టుకుని మళ్లీ బ్యాంకుకి వెళ్తున్నాను.