నాలుగో గ్రంథం, పద్నాలుగో శీర్షిక: కానన్ లా పరిశోధనలో అడుగుపెట్టిన నా అనుభవం

ఫిరంగిపురంలో మా అమ్మమ్మ పెళ్లి నమోదైన పుస్తకాన్ని విచారణ గురువులు, అంటే ఆ ఊరి చర్చి ఫాదర్ గారు, నా ముందు తెరిచినప్పుడు, పేర్ల పక్కన ఉన్న ఒకటిన్నర పంక్తి లాటిన్‌ను నేను చదవలేకపోయాను. ఆయనే చదివి అర్థం చెప్పారు: రక్తసంబంధం రెండో డిగ్రీ అడ్డంకికి మినహాయింపు పొందిన మీదట ఈ వివాహం జరిగింది. డిగ్రీ అంటే ఇక్కడ బంధుత్వం ఎంత దగ్గరో చెప్పే లెక్క. అమ్మమ్మ చేసుకున్నది సొంత మేనబావను. మేనబావ ఉండగా బయటి సంబంధం చూస్తేనే నలుగురూ కారణం అడిగే ఇంట్లో, అదే పెళ్లికి పీఠాధిపతి (బిషప్) గారి అనుమతి కావలసి వచ్చిందన్న సంగతి నాకు అప్పటిదాకా తెలియదు.

అప్పటికి నేను లా కాలేజీలో కుటుంబ చట్టం బోధిస్తూ పీహెచ్‌డీకి అంశం వెతుక్కుంటున్నాను. చర్చి న్యాయస్థానం ఇచ్చే వివాహ రద్దుకు సివిల్ చట్టం దృష్టిలో విలువ లేదని 1996లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పును ఏటా పాఠంగా చెబుతున్నా, కానన్ లా అనే ఆ కాథలిక్ చర్చి చట్టం ఏమిటో నేను తెరిచి చూడలేదు. పెళ్లి పుస్తకం చూసిన ఉత్సాహంలో, క్రీ.శ. 1500 నుంచి 1800 వరకు కానన్ లా భారతీయ వివాహ చట్టంపై చూపిన ప్రభావం అనే పెద్ద పేరుతో ప్రతిపాదన రాసి యూరప్‌లోని ఒక విశ్వవిద్యాలయానికి పంపాను. మూడు వారాలలో తిరస్కరణ వచ్చింది. ప్రశ్న మూడు శతాబ్దాలంత పొడవుంది, ఆధారపత్రాల జాబితా మాత్రం లేదు అన్నది వారి మాటల సారం. కోపం వచ్చినా, నా విద్యార్థి అలాంటిది తెస్తే నేనూ అదే మాట అనేదాన్ని.

ముందు లాటిన్ నేర్చుకోక తప్పలేదు. గుంటూరులో విశ్రాంతి తీసుకుంటున్న ఒక వృద్ధ గురువు వారానికి మూడు సాయంత్రాలు చెప్పడానికి ఒప్పుకున్నారు. "సంస్కృతంలో ఎనిమిది విభక్తులు చదివావు కదమ్మా, ఇక్కడ ఆరే," అని మొదటి రోజు ధైర్యం చెప్పారు. ఆరూ ఒంటబట్టడానికి ఏడాదిన్నర పట్టింది. అంతకన్నా విసిగించినవి న్యాయగ్రంథాల సంకేతాలు. 1140 ప్రాంతంలో గ్రేషియన్ అనే పండితుడు కూర్చిన చర్చి నియమాల సంకలనం డిక్రీటమ్, 1234లో తొమ్మిదో గ్రెగరీ పాపుగారు వెలువరించిన పాపుల నిర్ణయాల సంకలనం డిక్రీటల్స్, 1298 నాటి ఆరో గ్రంథం, ఆ తరువాతివి కలిపి 1582లో రోములో అధికారిక ముద్రణగా వచ్చాయి. ఆధునిక యుగపు తొలి దశలో ఏ న్యాయపండితుడైనా వీటినే ఉదహరిస్తాడు. అయితే గ్రంథం పేరు రాయడు, 'ఎక్స్ 4.14.8' అంటాడు. ఎక్స్ అంటే డిక్రీటమ్‌కు వెలుపల ఉన్నవి, అంటే గ్రెగరీ సంకలనం. దాని నాలుగో గ్రంథం వివాహం, పద్నాలుగో శీర్షిక రక్తసంబంధం, ఎనిమిదో అధ్యాయం 1215లో రోములో జరిగిన నాలుగో లాటరన్ మహాసభ (చర్చి పెద్దల సమావేశం) నిర్ణయం. దీన్ని ఎవరైనా మొదటి రోజే చెప్పి ఉంటే నాకు రెండు నెలలు మిగిలేవి. ఆ 1582 ముద్రణను లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచింది కనుక, మొదటి ఏడాది పుస్తకాలకు నాకు పెద్దగా ఖర్చు కాలేదు.

ఆ ఎనిమిదో అధ్యాయంలోనే నా ప్రశ్న దొరికింది. అంతకుముందు ఏడో డిగ్రీ వరకు ఉన్న నిషేధాన్ని లాటరన్ సభ నాలుగో డిగ్రీకి తగ్గించింది. రోమన్ చట్టం ఇద్దరి వైపులా తరాలను కూడుతుంది. పాత కానన్ లా ఉమ్మడి పూర్వికుడి నుంచి ఒక వైపు మాత్రమే లెక్కిస్తుంది. అందుకే మేనబావ, మేనమరదలు రోమన్ లెక్కలో నాలుగో డిగ్రీ అయితే, ఈ లెక్కలో రెండో డిగ్రీ. మేనమామతో పెళ్లి ఇంకా దగ్గరిది, మొదటి రెండు డిగ్రీల కలయిక. లాటిన్‌లో మేనమామకు అవుంకులుస్ అని, బాబాయికి పత్రూస్ అని, మేనత్తకు అమితా అని, పిన్నికి మాతెర్తెరా అని మనకు లాగే వేర్వేరు మాటలు ఉన్నాయి. మాటలు వేరైనా చట్టం లెక్కలో అందరూ ఒకటే. బాబాయి కొడుకు అన్నయ్య, మేనమామ కొడుకు బావ అన్న మన తేడాకు ఆ లెక్కలో చోటు లేదు.

మరి 18వ శతాబ్దంలో పుంగనూరు, కృష్ణాపురం ప్రాంతాలలో కర్ణాటక మిషన్ నడిపిన ఫ్రెంచి జెస్యూట్ (యేసు సభ) గురువులు, జ్ఞానస్నానం పొందిన తెలుగు కుటుంబాల మేనరికాలను ఏం చేశారు? 1537లో మూడో పౌలు పాపుగారు అమెరికా స్థానికులకు మూడు, నాలుగు డిగ్రీలలో పెళ్లి చేసుకునే వీలు కల్పించారు. మిషనరీలకు రోము సాధారణంగా ఇచ్చే అధికారాలు కూడా, జరగబోయే పెళ్లిళ్ల విషయంలో, మూడు, నాలుగు డిగ్రీల దగ్గరే ఆగేవి. మేనరికం రెండో డిగ్రీ. అంటే ప్రత్యేక అధికారం ఉండాలి, లేదా ఓడ మీద రోముకు అర్జీ పోవాలి, లేదా చూసీచూడనట్టు ఊరుకోవాలి. క్రైస్తవులైనవారు ఏ స్థానిక ఆచారాలను ఉంచుకోవచ్చన్న వివాదంలో 1704లో పుదుచ్చేరిలో పాపుగారి ప్రతినిధి టూర్నాన్ జారీ చేసిన పదహారు అంశాల ఆజ్ఞ గురించి, అందులోని తాళిబొట్టు, పసుపుతాడు నిషేధాల గురించి, 1744లో పద్నాలుగో బెనెడిక్ట్ పాపుగారు ఆ వివాదాన్ని ముగించిన తీరు గురించి రాసినవారు చాలామంది ఉన్నారు. నేను తాళిని వదిలి డిగ్రీని పట్టుకున్నాను. రెండో ప్రతిపాదన అయిదు పేజీలే.

ఈ రంగంలో అవకాశాలు లేవని చాలామంది అనుకుంటారు. నిజానికి తలుపులు చాలానే ఉన్నాయి, కాకపోతే న్యాయశాఖల నోటీసు బోర్డులలో అవి కనబడవు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1964లో మొదలైన మాక్స్ ప్లాంక్ న్యాయచరిత్ర సంస్థ బయటి పరిశోధకులకు స్కాలర్‌షిప్‌లు ఇస్తుంది, కొత్తవారి కోసం వేసవి శిక్షణ నడుపుతుంది. స్పెయిన్‌లోని సలమాంకా పండితుల న్యాయగ్రంథాలను డిజిటల్ పాఠాలుగా తెస్తున్న పని కూడా అక్కడ జరుగుతోంది. బెల్జియంలోని లూవెన్‌లో కానన్ లాకు ప్రత్యేక విభాగమే ఉంది. ఇంటికి దగ్గరలో బెంగళూరులోని సెయింట్ పీటర్స్ పొంటిఫికల్ ఇన్‌స్టిట్యూట్ కానన్ లా బోధిస్తుంది. కొడైకెనాల్ దగ్గరి షెంబగనూరులో మదురై జెస్యూట్ల పత్రాగారం ఉంది. యూరప్‌కు దరఖాస్తు పెట్టే ముందే అక్కడ పది రోజులు కూర్చోవడం నేను చేసిన తెలివైన పని, ఎందుకంటే ఆధారాల జాబితా అనే ఖాళీ గడిలో రాయడానికి నాకు ఏదో ఒకటి దొరికింది.

ఫ్రాంక్‌ఫర్ట్ వారు వీడియోలో ఇంటర్వ్యూ చేశారు. లాటిన్ చదివిస్తారని భయపడితే, ఒకే ప్రశ్నను చాలాసేపు తిప్పితిప్పి అడిగారు: మీ తెలుగు దంపతుల అర్జీ రోములో ఏ కార్యాలయానికి చేరుతుంది? రహస్యంగా అంతరాత్మకు సంబంధించినదైతే పెనిటెన్షియరీ, లోకానికి తెలిసిన అడ్డంకి అయితే డేటరీ, మిషన్ ప్రాంతం నుంచి వస్తే 1622లో ఏర్పడిన ప్రొపగాండా సంఘం, సంస్కారం చెల్లుతుందా లేదా అన్న సందేహమైతే హోలీ ఆఫీస్ అని చెప్పాను. దానికి వెంటనే, "అయితే మీరు నాలుగు చోట్లా వెతకాలి," అన్నారు. నెల తరువాత స్కాలర్‌షిప్ ఖరారైనట్టు ఉత్తరం వచ్చింది. వీసా అపాయింట్‌మెంటు దొరకడం, కాలేజీలో సెలవు మంజూరు కావడం అందరికీ ఉండే తిప్పలే కనుక వదిలేస్తున్నాను.

రోము పనికి మాత్రం ముందుచూపు అవసరం. వాటికన్ పత్రాగారాన్ని పదమూడో లియో పాపుగారు 1881లో పరిశోధకులకు తెరిచారు. హోలీ ఆఫీస్ పత్రాలు 1998లో గానీ బయటి వారికి అందలేదు. ప్రవేశానికి డిగ్రీ పత్రం, సంస్థ నుంచి పరిచయ లేఖ కావాలి. వేసవిలో తలుపులు మూస్తారని తెలియక జూలై చివరికి టికెట్ కొనబోయి, చివరి నిమిషంలో అక్టోబరుకు మార్చుకున్నాను. ప్రొపగాండా పత్రాగారంలో 'ఇండియే ఓరియెంటాలి' అనే శ్రేణి కట్టలు తెరిచాక, ముద్రిత లాటిన్ చదవగలిగినంత మాత్రాన చేతిరాత చదవలేమని మొదటి గంటలోనే అర్థమైంది. ఇటాలియన్, ఫ్రెంచి, పోర్చుగీసు ఒకే కట్టలో కలిసి ఉంటాయి. పంక్తికి నాలుగైదు మాటలను సగం రాసి పైన గీత పెడతారు. మొదటి వారం రోజుకు రెండు పుటలు మించలేదు.

ప్రస్తుతం ఫ్రాంక్‌ఫర్ట్ గ్రంథాలయంలో కూర్చుని, రోములో రాసుకున్నవాటిని మిషనరీల అధికారపత్రాలతో పోల్చి చూస్తున్నాను. నా బల్ల మీద 1582 ముద్రణలోని రక్తసంబంధ వృక్షం ప్రతి ఒకటి ఉంది. దాని గడులలో పెన్సిల్‌తో అమ్మమ్మ వైపు వారి పేర్లు నింపాను. కొందరి పేర్లను రెండేసి గడులలో రాయవలసి వచ్చింది, ఎందుకంటే మా వంశంలో రెండు తరాలు వరుసగా మేనరికాలే.