థాయ్‌లాండ్‌లో స్థిరపడాలంటే: ఎనిమిది లక్షల బాట్, ఒక పెళ్లి సర్టిఫికెట్

హైదరాబాద్‌లో విమానం ఎక్కితే నాలుగు గంటల్లోపే బ్యాంకాక్. ఎండా, వానా మనకు అలవాటైనవే. బియ్యం, చింతపండు, కొబ్బరి, మామిడి ఏ సంతకు వెళ్లినా దొరుకుతాయి. అందుకే రిటైరయ్యాక చాంగ్‌మైలోనో హువాహిన్‌లోనో ఉందామనుకునేవాళ్లు ముందు ఇంటి అద్దె, కూరగాయల ధర చూస్తారు. కానీ మొదట తేల్చుకోవాల్సింది ఇమిగ్రేషన్ ఆఫీసు అడిగే డబ్బు, అది ఏ తేదీకి ఎవరి ఖాతాలో ఉండాలన్నది.

రిటైర్‌మెంట్ వీసాకు వయసు 50 నిండి ఉండాలి. ఇందులో రెండు దారులున్నాయి: ఓ-ఏ, నాన్-ఇమిగ్రెంట్ ఓ. ఓ-ఏ వీసాకు ఇండియా నుంచే దరఖాస్తు చేసుకోవాలి. దానికి పోలీసు సర్టిఫికెట్, వైద్య పరీక్షతో పాటు ఆరోగ్య బీమా చూపించాలి. 70 దాటాక కొత్తగా బీమా దొరకడం కష్టం, దొరికినా ప్రీమియం భారం. మనవాళ్లకు నాన్-ఇమిగ్రెంట్ ఓ మేలని నా అభిప్రాయం. దాని మీద 90 రోజులకు వెళ్లి, అక్కడే టీఎం 7 ఫారంతో 1,900 బాట్ కట్టి ఏడాది పొడిగింపు తీసుకోవచ్చు. అందుకు నెలకు 65,000 బాట్ ఆదాయమైనా చూపాలి, లేదా థాయ్ బ్యాంకులో 8 లక్షల బాట్ అయినా ఉండాలి. బాట్‌కు 2.7 రూపాయలు వేసుకుంటే 65,000 అంటే నెలకు లక్షా డెబ్బయి అయిదు వేల పైమాటే. అంత పెన్షన్ వచ్చేవాళ్లు కొద్దిమందే కాబట్టి, చాలామందికి మిగిలేది 8 లక్షల దారే.

ఈ డబ్బు దరఖాస్తుకు రెండు నెలల ముందే ఖాతాలో పడి ఉండాలి. వీసా 90 రోజులే కనుక ఖాతా తెరవడం, ఇండియా నుంచి డబ్బు రావడం మొదటి నాలుగు వారాల్లో అయిపోవాలి. నివాస ధ్రువపత్రం తెమ్మని బ్యాంకు తిప్పితేనే పది రోజులు పోతాయి. అందుకని దిగిన మొదటి వారంలోనే అద్దె ఒప్పందం చేసుకుని, దానితో బ్యాంకుకు వెళ్లాలి. ఖాతా మీ ఒక్కరి పేరు మీదే ఉండాలి. పొడిగింపు వచ్చాక ఇంకో మూడు నెలలు 8 లక్షలు కదపకూడదు. ఆ తర్వాత కూడా 4 లక్షల కన్నా తగ్గకూడదు. పాస్‌బుక్ ఒక్క రోజు తగ్గినట్టు చూపించినా మరుసటి ఏడాది పొడిగింపు ఆగిపోతుంది. దరఖాస్తు రోజు పొద్దున్నే 100 బాట్ వేసి పాస్‌బుక్ ప్రింట్ చేయించండి. బ్యాంకు లెటర్ కూడా ఆ రోజు తీసుకుంటే తేదీల గొడవ ఉండదు.

ఇండియా వైపు చిక్కు టీసీఎస్, అంటే డబ్బు పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను. 8 లక్షల బాట్ అంటే సుమారు 21.6 లక్షల రూపాయలు. విదేశాలకు డబ్బు పంపుకోనిచ్చే ఆర్‌బీఐ పథకం ఎల్ఆర్ఎస్ కింద ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం వసూలు చేస్తుంది. మొత్తం ఒకేసారి పంపితే 11.6 లక్షల మీద 2.32 లక్షలు అదనంగా చేతిలో ఉండాలి. మార్చిలో సగం, ఏప్రిల్‌లో సగం పంపితే ఇది 32,000కు దిగుతుంది. ఆదాయపు పన్ను రిటర్న్‌లో సర్దుకోవచ్చు, అయితే ఆ డబ్బు చేతికి తిరిగి రావడానికి నెలలు పడుతుంది. సరిగ్గా 22 లక్షలు సిద్ధం చేసుకుని బయల్దేరినవాళ్లు ఇక్కడే చిక్కుకుంటారు. బ్యాంకు చార్జీలు, మారకం హెచ్చుతగ్గులు ఉంటాయి గనుక 8,20,000 చేరేట్టు పంపడం క్షేమం. అక్కడ స్థిరపడ్డాక ఇక్కడి ఖాతాలను ఎన్ఆర్ఓగా (ఎన్నారైల రూపాయి ఖాతాగా) మార్పించుకోవాలి. ఉన్న పొలం ఉంచుకోవచ్చు గానీ, ఎన్నారైగా కొత్తగా పొలం కొనలేరు.

అద్దెకు రెండు నెలల డిపాజిట్, ఒక నెల అడ్వాన్సు మామూలు. కరెంటు యూనిట్ రేటు ఒప్పందంలో రాయించండి. ప్రభుత్వ రేటు 4 బాట్ చుట్టూ ఉంటే కొందరు యజమానులు 7, 8 వేస్తారు. ఏసీ వాడే ఇంట్లో ఇది చిన్న తేడా కాదు. మీరు దిగిన 24 గంటల్లో యజమాని టీఎం 30, అంటే మీరు తన ఇంట్లో ఉంటున్నట్టు ఇమిగ్రేషన్‌కు ఇచ్చే సమాచారం, నమోదు చేయాలి. ఆ రసీదు లేకపోతే పొడిగింపు దగ్గర ఆపుతారు. ప్రతి 90 రోజులకు మీరు ఇమిగ్రేషన్‌కు చిరునామా తెలియజేయాలి. గడువుకు 15 రోజుల ముందు నుంచి 7 రోజుల తర్వాత వరకు వీలుంది, దాటితే 2,000 బాట్ జరిమానా.

చాంగ్‌మై అనుకుంటే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పొలాలు, అడవులు తగలబెట్టే పొగ ఉంటుంది. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్లు ఆ నెలలు అక్కడ ఉండకూడదు. అప్పుడు హైదరాబాద్ రావాలనుకుంటే బయల్దేరే ముందు రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి: ఒకసారికి 1,000, ఎన్నిసార్లయినా అంటే 3,800 బాట్. అది లేకుండా దేశం దాటితే పొడిగింపు విమానాశ్రయంలోనే రద్దయిపోతుంది. మళ్లీ 90 రోజుల వీసా నుంచి మొదలు.

చాలామంది పట్టించుకోని సంగతి భార్య కాగితాలది. భర్త పొడిగింపు మీద ఆధారపడి ఆమె ఉండవచ్చు, ఆమెకు వేరే 8 లక్షలు అక్కర్లేదు. కానీ పెళ్లి సర్టిఫికెట్ తప్పనిసరి. నలభై ఏళ్ల కిందటి పెళ్లిళ్లు చాలావరకు రిజిస్టరే కాలేదు. శుభలేఖ, పెళ్లి ఫోటో, వయసు రుజువులు, సాక్షులతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇప్పుడు చేయించుకోవచ్చు. ఆపైన విదేశాంగ శాఖ, థాయ్ ఎంబసీ ధ్రువీకరణలు, థాయ్ అనువాదం కావాలి. సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే అక్కడే వెనక్కి పంపుతారు. ఈ పనికి మూడు నెలలు ముందుగా కూర్చోండి.

భర్త పోతే ఆమె ఆధార వీసాకు ఆధారం పోయినట్టే. అదే సమయంలో అతని థాయ్ ఖాతా స్తంభిస్తుంది, కోర్టు ఉత్తర్వు వచ్చేదాకా డబ్బు తీయలేరు. థాయ్‌లాండ్‌లో ఉన్న ఆస్తి మట్టుకు అక్కడి లాయర్‌తో థాయ్ భాషలో వీలునామా రాయిస్తే ఆ కోర్టు పని తగ్గుతుంది. ఆమెకు 50 దాటి ఉంటే సొంతంగా పొడిగింపు తీసుకోవచ్చు, కానీ అప్పుడు 8 లక్షలు ఆమె పేరు మీదే ఉండాలి. కాబట్టి మొదటి ఏడాదే ఆమెకు వేరే ఖాతా తెరిపించి, ప్రతి ఏటా కొంత వేస్తూ రండి. ఏటీఎం కార్డు ఆమె చేతిలో, బ్యాంకు మెసేజీలు ఆమె ఫోన్‌కే వచ్చేట్టు చూడండి.