రేకు మీది అంకెలు, దాన్ని పట్టుకున్న రివెట్లు

పోయిన నెల ఒక రాత్రి, డల్లాస్‌లో ఉంటున్న మా చిన్నాన్న కొడుకు పదకొండు ఫొటోలు పంపి, "అన్నా, ఈ కారు తీసుకోమంటావా?" అని అడిగాడు. 1967 నాటి షెవ్రొలే కార్వెట్ అనే స్పోర్ట్స్ కారు, ఎర్ర రంగు కూపే (పైకప్పు మడవడానికి వీల్లేని రకం). ఫ్యాక్టరీలో బిగించిన 427 ఘనపు అంగుళాల ఇంజనే ఇప్పటికీ ఉందని, అదీ 435 హార్స్‌పవర్‌దని అమ్మేవాడి మాట. తిరుపతి కొర్లగుంటలో కూర్చుని అమెరికా కారుకు జాతకం చెబుతారా అని మా ఆవిడ నవ్వింది గానీ, ఆ పదకొండింటిలో ఏడు ఫొటోలు కేవలం రేకులవీ అంకెలవీ. వాటిని చదవడానికి కారు ఎదురుగా ఉండనక్కరలేదు.

ఆ ఏటి కార్వెట్లలో గ్లవ్ బాక్సు దిగువన అడ్డంగా ఉండే ఇనుప పట్టీ మీద రెండు రేకులు కనిపిస్తాయి. ఒకటి కారు నంబరుది. కూపే అయితే అది 194377ఎస్ అని మొదలవుతుంది: 1 అంటే షెవ్రొలే, 94 అంటే కార్వెట్, 37 అంటే కూపే, 7 అంటే 1967, ఎస్ అంటే సెయింట్ లూయిస్ ఫ్యాక్టరీ. ఆ తరువాత 100001 నుంచి వరుస సంఖ్య. ఆ మోడల్ ఏడాది మొత్తం 22,940 కార్లే తయారయ్యాయి కాబట్టి 122940 దాటిన అంకె కనబడితే అక్కడే ఆగిపోవచ్చు. మావాడి కారు ఈ గీత దాటలేదు. రేకును పట్టుకున్న రివెట్ల తలలు కూడా చిన్న పువ్వుల్లా విచ్చుకునే ఉన్నాయి. షెవ్రొలే మాతృసంస్థ జనరల్ మోటార్స్ అప్పట్లో నంబరు రేకుకు వాడిన రివెట్లు అలాంటివే. గుండు తల ఉన్న మామూలు పాప్ రివెట్లు అక్కడ కనిపిస్తే, రేకు ఒకసారి ఊడి వచ్చిందని అర్థం.

రెండో రేకు ట్రిమ్ ట్యాగ్, అంటే కారు రంగు, బాడీ వివరాలు ఉండేది. అందులో రంగు సంఖ్య 983 అని ఉంది, అంటే గుడ్‌వుడ్ గ్రీన్. ఎరుపై ఉంటే 974 ఉండాలి. పచ్చ కారుకు ఎవరో ఎర్ర రంగు వేయించారన్నమాట. అది మోసం కాదు, అభిరుచి. కాకపోతే ఫ్యాక్టరీ రంగు అని చెప్పి దానికి ధర కలపకూడదు. అదే రేకు మీద బాడీ తయారైన తేదీ ఒక అక్షరం, రెండంకెల రూపంలో ఉంటుంది. ఇక్కడ ఏ అంటే జనవరి కాదు. కొత్త మోడల్ తయారీ మొదలైన నెల. ఇంజను బ్లాకు మీద పోత పోసిన తేదీలో మాత్రం ఏ అంటే జనవరే. ఉగాదితో మొదలయ్యే లెక్కనూ జనవరితో మొదలయ్యే లెక్కనూ ఒకే ఇంట్లో వాడుకునే మనకు ఇది వింత కాదు గానీ, చాలామంది ఇక్కడే తడబడతారు.

అసలు విషయం ఇంజను దగ్గర ఉంది. 1972కు ముందు కార్వెట్ నంబరులో ఇంజను సంగతి ఏమీ ఉండదు. కాబట్టి 435 హార్స్‌పవర్ అనే మాటకు ప్రధానమైన సాక్ష్యం బ్లాకు ముందు భాగంలో ఉన్న చిన్న చదును మీద కొట్టిన అక్షరాలే. మావాడు పంపిన ఫొటోలో టి0118జెఇ అని ఉంది. టి అంటే టోనవాండా ఇంజను ఫ్యాక్టరీ, 0118 అంటే జనవరి 18న ఇంజను బిగించారని, జెఇ అంటే ఆ 435 ఇంజనేనని. అక్షరాలు అందంగా, ముత్యాల్లా ఉన్నాయి. నాకు అనుమానం వచ్చిందీ అందుకే. ఫ్యాక్టరీలో ఆ చదునును కోసిన యంత్రం ముందు నుంచి వెనక్కి సన్నటి సమాంతర గీతలు వదులుతుంది, అక్షరాలు ఆ గీతల మీద పడతాయి. ఇక్కడ గీతలు లేవు. ఉప్పుకాగితంతో గుండ్రంగా రుద్దిన జాడలు మాత్రం ఉన్నాయి.

బ్లాకు పక్క నుంచి మరో ఫొటో తీయించమన్నాను. పోతలో ఉబ్బెత్తుగా వచ్చిన తేదీని చెరపడం, కొత్తగా కొట్టినంత సులువు కాదు. రెండు రోజుల తరువాత ఆ ఫొటో వచ్చింది: సి 4 7. అంటే 1967 మార్చి 4. జనవరిలో బిగించిన ఇంజనుకు మార్చిలో పోత పోశారట! ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. కారు తేదీకి సరిపడేలా ఎవరో లెక్క వేసి అక్షరాలు కొట్టారు గానీ, పక్కకు వంగి చూడలేదు.

ఇంత చెప్పిన నేను నా సొంత బండి విషయంలో చేసింది కూడా చెప్పాలి. నా దగ్గర ఒక స్టాండర్డ్ హెరాల్డు ఉంది. చిత్తూరులో ఒక పెద్దాయన షెడ్డులో ఏళ్ల తరబడి నిలిచిపోయి ఉంటే తెచ్చుకున్నాను. మద్రాసులో తయారైన ఈ కారు స్పోర్ట్స్ కారేమీ కాదు గానీ, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌కు దగ్గరి చుట్టం. 1962లో వచ్చిన ఆ స్పోర్ట్స్ కారు ఛాసిస్ హెరాల్డు ఛాసిస్ నుంచి పుట్టిందే. టింకరింగుకు ఇచ్చినప్పుడు, బానెట్ కింద ఉన్న తయారీ రేకును తీయవద్దని చెప్పడం మరిచాను. షాపువాళ్లు దాన్ని ఊడదీసి, బఫ్ కొట్టి, తళతళలాడే కొత్త రివెట్లతో బిగించి, పని బాగా చేశామన్న సంతోషంతో నాకు చూపించారు. రేకు నాదే, అంకెలూ నావే. కానీ అది నా కారు మీదే పుట్టిందని ఆ రేకు ఇక చెప్పలేదు.

2021 నుంచి మన దేశంలో యాభై ఏళ్లు దాటిన వాహనాలను వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. రుసుము రూ. 20,000, నంబరులో విఎ అనే అక్షరాలు వస్తాయి. బండి అసలు రూపంలో ఉండాలని, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో చెప్పుకోదగ్గ మార్పు ఉండకూడదని నిబంధన. బ్రేక్ ఇన్‌స్పెక్టరు కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకునేది లోహంలో కొట్టిన ఛాసిస్ నంబరునే కాబట్టి ఆ మేరకు నాకు భయం లేదు. అయినా బానెట్ ఎత్తిన ప్రతిసారీ నా చూపు ఆ కొత్త రివెట్ల మీదికే పోతుంది.

తమ్ముడు ఆ కార్వెట్‌ను వదిలేయలేదు. ఇంజను మార్చిన, రంగు మార్చిన కారుగా బేరం మళ్లీ మొదలుపెట్టాడు. అమ్మేవాడు ఇంకా జవాబివ్వలేదు.