పిల్లి ఉచ్చ కంపు: స్ప్రే కొడితే పోదు, పోస్తేనే పోతుంది

వానాకాలం మొదలైతే చాలు, పిల్లుల్ని పెంచే స్నేహితుల నుంచి నాకు ఒకటే మెసేజ్. "ఎండాకాలంలోనే శుభ్రంగా కడిగేశాం, వాసన కూడా పోయింది, ఇప్పుడు హాల్లోకి అడుగుపెడితే ముక్కు పగిలిపోతోంది, మళ్లీ పోసిందంటావా?" అని. చాలాసార్లు పాపం పిల్లి ఏమీ ఎరగదు. అప్పుడెప్పుడో పోసిందే కార్పెట్ అడుగున ఎండి కూర్చుంది, గాలిలో తేమ పెరగ్గానే మళ్లీ లేచింది, అంతే. మీరు కడిగింది పైన, అది ఉన్నది లోపల.

నేను చెప్పాలనుకున్నదంతా నిజానికి ఆ ఒక్క ముక్కే. ఉచ్చ ఎంత లోతుకి దిగిందో మందూ అంత లోతుకి దిగాలి. బజార్లో దొరికే మంచి మందులు చాలావరకు స్ప్రే సీసాల్లో వస్తాయి కాబట్టి మనం నాలుగుసార్లు పిచికారీ చేసి, పైపైన తుడిచేసి, డబ్బులు దండగ అని సీసాని తిట్టుకుంటాం. మూత తీసి పోయండి. పిల్లి స్ప్రే చేయలేదు కదా, పోసింది. (కొన్ని స్ప్రే కూడా చేస్తాయి, ఆ గొడవ తర్వాత.)

అసలు ఆ కంపేంటో తెలిస్తే దేనికి ఏది వాడాలో సులువుగా అర్థమవుతుంది. ఇంటి పిల్లుల పూర్వీకులు ఎడారి పక్కన బతికిన అడవి పిల్లులు, నీటి చుక్క వృథా కానివ్వని మూత్రపిండాలు వాటివి, అందుకే వాటి మూత్రం అంత చిక్కగా ఉంటుంది. పోసిన కొత్తలో పెద్దగా వాసన ఉండదు. కాసేపటికి బ్యాక్టీరియా అందులోని యూరియాని అమ్మోనియాగా మారుస్తుంది, కళ్లు మండించే ఘాటు అదే. ఇది మొదటి కంపు. రెండోది ఇంకా మొండిది. పిల్లి మూత్రంలో ఫెలినిన్ అనే గంధకం ఉన్న అమినో ఆమ్లం ఉంటుంది, అది నెమ్మదిగా విడిపోయి థయోల్ అనే రకం పదార్థాన్ని వదులుతుంది. వంటగ్యాస్ లీకైతే తెలియాలని సిలిండర్లో కలిపే వాసన కూడా థయోల్ జాతిదే, కాస్తంత ఉన్నా ముక్కు పట్టేస్తుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని మగపిల్లుల్లో ఈ ఫెలినిన్ చాలా ఎక్కువ, అందుకే గండుపిల్లి పోసిన చోటు వాసన వీధి చివరికి తెలుస్తుంది.

కాబట్టి ఫినాయిల్ వేసి కడిగినంత మాత్రాన ఈ రెండిట్లో ఏదీ పోదు. మన ఇళ్లలో మొదటి ఆయుధం ఫినాయిలే, అదే అన్నిటికంటే చెత్తది. ఫినాల్ జాతి రసాయనాల్ని పిల్లి కాలేయం సరిగ్గా విరగ్గొట్టుకోలేదు. తడి నేల మీద నడిచి, పాదాలు నాక్కుంటే చాలు, విషం లోపలికి పోతుంది. దెబ్బలకి వాడే యాంటీసెప్టిక్ లిక్విడ్లలో ఉండే క్లోరోక్సిలినాల్ కూడా అంతే. బీరువాలో వేసే కలరా ఉండల్ని సోఫా కింద పడేసేవాళ్లని చూశాను, అవీ పిల్లికి విషమే. బ్లీచింగ్ అయితే మనకే ప్రమాదం, అమ్మోనియా ఉన్నచోట బ్లీచ్ పోస్తే క్లోరమైన్ వాయువు పుడుతుంది, దగ్గు, ఊపిరాడకపోవడం. ఇక సాంబ్రాణి, అగరొత్తులు, రూమ్ ఫ్రెష్‌నర్లు... మల్లెపూల వాసనతో కలిసిన పిల్లి ఉచ్చ వాసన మీరెప్పుడైనా పీల్చారో లేదో, ఉత్త కంపే నయం.

సరే, ఇప్పుడే పోసింది, తడిగా ఉంది. అప్పుడు చేయాల్సింది చాలా సింపుల్, కానీ ఓపిక కావాలి. రుద్దకూడదు. రుద్దితే మరక చుట్టూ వెడల్పవుతుంది, దారాల్లోకి ఇంకా దిగుతుంది. పాత లుంగీనో, బనీను గుడ్డనో నాలుగు మడతలు పెట్టి మరక మీద వేసి, దాని మీద ఎక్కి నిలబడండి. మడమతో ఒత్తండి. గుడ్డ తీసి చూస్తే లేత పసుపు మరక, అంచుల్లో కాస్త ముదురుగా. మడత తిప్పి పొడి భాగం పెట్టి మళ్లీ ఎక్కండి. పసుపు రావడం ఆగాక కొంచెం చన్నీళ్లు పోసి మళ్లీ అదే పని. ఇక్కడే సగం యుద్ధం అయిపోతుంది, మందుతో పనిలేకుండానే. వేడినీళ్లు, స్టీమ్ క్లీనర్, ఇస్త్రీ మాత్రం వాసన పూర్తిగా పోయేదాకా వద్దు, వేడికి మాంసకృత్తులు దారానికి అతుక్కుపోతాయి.

తర్వాత కార్పెట్ అంచు ఎత్తి కింద చూడండి. ఈ పని ఎవరూ చేయరు! మన ఇళ్లలో కార్పెట్ కింద ఉండేది టైల్సో మార్బులో. పైన అరచేయంత మరక కనిపిస్తే అడుగున దానికి రెట్టింపు ఉంటుంది, టైల్స్ సందుల్లోకి కూడా దిగి ఉంటుంది. సందులు తోమకుండా కార్పెట్ ఒక్కటే ఉతికి పరిస్తే వాసన కింద నుంచి మళ్లీ ఎక్కుతుంది.

అమ్మోనియా ఘాటుకి పులుపు చాలు. వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి పోయొచ్చు, లేదా కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు లీటరు నీళ్లకి రెండు చెంచాలు వేసుకోవచ్చు, నాకైతే ఇదే నచ్చుతుంది, వెనిగర్ కంపు ఉండదు, చవక కూడా. కానీ కింద మార్బుల్ ఉంటే కార్పెట్ తీసి బాల్కనీలో పెట్టుకుని చేయండి, పులుపు తగిలిందంటే మార్బుల్ పాలిష్ పోయి తెల్లగా మచ్చ పడుతుంది, అది ఉచ్చ మరక కంటే పెద్ద తలనొప్పి. వంటసోడా చల్లి మర్నాడు ఊడ్చేస్తే పైన మిగిలిన వాసన కొంత లాగుతుంది. వంటసోడా అంటే వంటసోడానే, చాకలి సోడా కాదు.

గంధకం కంపుకి పులుపు పనిచేయదు. దానికి రెండే దారులు. ఒకటి ఎంజైమ్ క్లీనర్, పెట్ షాపుల్లో, ఆన్‌లైన్లో దొరుకుతుంది. అందులోని ఎంజైములు, కొన్నిట్లో మంచి బ్యాక్టీరియా, మూత్రంలోని మురికిని చిన్న ముక్కలుగా తినేస్తాయి. తడిగా ఉన్నంతసేపే తింటాయి, ఎండితే పని ఆగిపోతుంది. మే నెలలో హైదరాబాద్‌లో ఫ్యాన్ కింద ఏదైనా గంటలో ఎండిపోతుంది, ఇక ఎంజైములకి టైమెక్కడ? అందుకే మరక కంటే జానెడు వెడల్పుగా తడిసేలా పోసి, పైన పాలిథిన్ కవరు పరిచి, ఫ్యాన్ ఆపేసి, రాత్రంతా వదిలేయాలి. మధ్యలో వాసన పెరిగినట్టు అనిపిస్తే కంగారు పడొద్దు, పని జరుగుతోందని లెక్క. ఇంకో మాట, అంతకుముందు ఫినాయిలో, డిటర్జెంటో, నిమ్మ ఉప్పో వేసి ఉంటే ముందు మంచినీళ్లతో బాగా తీసేయండి, లేకపోతే అవే ఎంజైముల్ని పాడుచేస్తాయి. చాలామంది "పనిచేయలేదు" అనేది ఇక్కడే.

రెండో దారి హైడ్రోజన్ పెరాక్సైడ్. అమెరికాలో స్కంక్ అనే జంతువు చిమ్మే కంపు కూడా థయోల్సే, దానికి పాల్ క్రెబామ్ అనే కెమిస్ట్ చెప్పిన మిశ్రమం 1993లో అచ్చయింది: దాదాపు లీటరు 3 శాతం పెరాక్సైడ్, పావు కప్పు వంటసోడా, ఒక చెంచా లిక్విడ్ సోప్. ఆక్సిజన్ తగిలి థయోల్ వాసన లేని పదార్థంగా మారిపోతుంది. పిల్లి మరకకీ అదే సూత్రం. మెడికల్ షాపులో 6 శాతం సీసా ఇచ్చారనుకోండి, లేబుల్ చూసి సమానంగా నీళ్లు కలుపుకోండి. అప్పటికప్పుడు కలిపి వాడి, మిగిలింది పారబోయాలి, మూత బిగించి దాచారంటే గ్యాస్ పుట్టి సీసా పేలుతుంది. రంగులు కూడా తినేస్తుంది కాబట్టి ముందు మూల మీద ఒక చుక్క వేసి చూడండి. ఎంజైమూ ఇదీ ఒకేసారి వద్దు.

బట్టని బట్టి పద్ధతి మారుతుంది. వరంగల్ జంపఖానాలు నూలువి, నీళ్లకి తట్టుకుంటాయి, రంగు దిగదని మూలన పరీక్షించుకుని బకెట్లో నిమ్మ ఉప్పు నీళ్లలో అరగంట నానబెట్టి, జాడించి, ఎంజైములున్న డిటర్జెంట్‌తో ఉతికి ఎండలో వేస్తే చాలు. ఏలూరు ఉన్ని తివాచీ అయితే జాగ్రత్త! ఉన్ని, పట్టు రెండూ మాంసకృత్తులే, మూత్రాన్ని తినే ప్రోటియేజ్ ఎంజైమ్ వాటినీ తింటుంది. పెరాక్సైడూ వద్దు. చన్నీళ్లు, పలచటి వెనిగర్, చివర్లో కుంకుడు రసం, నీడలో ఆరబెట్టడం, అంతవరకే. ఖరీదైన తివాచీ అయితే ప్రయోగాలు చేయకుండా ఉన్ని తివాచీలు కడిగేవాళ్లకి ఇచ్చేయడం మంచిది, పిల్లి ఉచ్చ అని సిగ్గుపడకుండా చెప్పి ఇవ్వండి.

మరక ఎక్కడుందో తెలియకపోతే యూవీ టార్చ్ కొనుక్కోండి, 365 నానోమీటర్లదైతే బాగా కనిపిస్తుంది. రాత్రి లైట్లన్నీ ఆపి వేస్తే ఎండిన ఉచ్చ మసక పసుపుపచ్చగా కనబడుతుంది. మొదటిసారి వేసినప్పుడు గది మొత్తం మెరుస్తుంటే గుండె ఆగినంత పనవుతుంది, కానీ నీలంగా ధగధగలాడేవి డిటర్జెంట్లో ఉండే తెలుపు పెంచే రసాయనాలు, అవి మన చొక్కాలూ దుప్పట్లూ. సోఫా వెనక, కర్టెన్ అంచున నిలువుగా కారిన చారలు కనిపిస్తే అది పోయడం కాదు, స్ప్రే చేయడం, తోక నిటారుగా పెట్టి వణికిస్తూ హద్దులు గీసుకోవడం. దీనికి క్లీనర్ కాదు మందు, ఆపరేషన్. చేయించిన మగపిల్లుల్లో ఎక్కువ శాతం ఆ అలవాటు మానేస్తాయి.

లిట్టర్ బాక్స్ (పిల్లి పోసుకోడానికి ఇసుక లాంటిది నింపి పెట్టే డబ్బా) వాడే పిల్లి ఉన్నట్టుండి దుప్పట్ల మీద పోస్తుంటే కోపం తెచ్చుకునే ముందు బాక్స్ చూడండి. అందులో మురికి రోజూ తీస్తున్నారా, పిల్లులెన్ని ఉంటే అంతకంటే ఒక బాక్స్ ఎక్కువ ఉందా, చప్పుడు చేసే వాషింగ్ మెషిన్ పక్కన పెట్టారా. అవన్నీ బాగుంటే డాక్టర్ దగ్గరికి, మూత్రాశయం వాపు, మూత్రపిండాల జబ్బు, షుగర్, ఏదైనా కావచ్చు. మగపిల్లి బాక్స్‌లో కూర్చుని ముక్కుతూ చుక్క కూడా రాకపోతే అది మలబద్ధకం అనుకుని పొద్దునదాకా ఆగకండి. మూత్రం అడ్డుపడితే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది, అర్ధరాత్రయినా తీసుకెళ్లాల్సిందే.

పరుపుల సంగతి మిగిలింది. ఫోమ్ పరుపు, సోఫా కుషన్ అయితే స్పాంజిలా పీల్చేసి ఉంటాయి, ఎంజైమ్ బాగా పోసి, పిండినట్టు ఒత్తి, రెండు మూడు రోజులు ఎండబెట్టి చూడండి, రెండోసారికీ పోకపోతే కుషన్ లోపలి ఫోమ్ మార్పించుకోవడమే చవక. బూరుగు దూది పరుపు ఇంకా సులువు. కుట్టు విప్పి, తడిసి గడ్డకట్టిన దూది తీసి పారేసి, మిగతాది ఎండలో పరిచి, గుడ్డ ఉతికి, పరుపులు ఏకేవాళ్లు వీధిలోకి వచ్చినప్పుడు ఏకించి కొత్త దూది కొంచెం కలిపి కుట్టించేయండి. ఆ దూది ఆరేదాకా పిల్లిని ఇంట్లోనే ఉంచి తలుపేసుకోండి, మెత్తటి దూది కుప్ప దానికి కొత్త లిట్టర్ బాక్స్‌లాగే ఉంటుంది.